స్క్రిప్టు చేసే పురమాయింపులు

నిరుడు మన సంచిక చేతికి రాగానే చాలామంది మిత్రులు నన్ను నిలేసి అడిగిన ప్రశ్న ఒక్కటే – "ఎన్.ఎస్.ఎస్. క్యాంపు ఫోటోలు ఏవి?" అని. ఏడు రోజులు ఊళ్ళో ఉండి, కాలవగట్టు మీద మొక్కలు నాటి, బడి గోడలకు సున్నాలు వేసి, తీసుకున్న ఫోటోలు వందల్లో ఉంటే సంచికలో పడినవి నాలుగే. అవీ కాలవా, కొబ్బరిచెట్లూ. మనిషి మొహం ఒక్కటి లేదు. "సాంకేతిక కారణాల వల్ల మిగిలినవి ప్రచురించలేకపోయాము" అని సంపాదకవర్గం వారు ఒక ముక్క వేసి ఊరుకున్నారు.

ఆ సాంకేతిక కారణాన్ని నేనే.

ఈ ఏడు ఏదైనా సైన్సు వ్యాసం వ్రాసి ఇమ్మని సాహిత్య కార్యదర్శి వెంటబడినప్పుడు, ఆ సంగతే వ్రాస్తానన్నాను. "అది వ్యాసమట్రా, క్షమాపణా?" అన్నాడు. రెండూననుకో అన్నాను. కనుక ఎం.సి.ఏ. వాళ్ళ గొడవ మనకెందుకని పేజీ తిప్పేయబోతున్న తెలుగు ఎం.ఏ. మిత్రులూ, కామర్సు మిత్రులూ కాస్త ఓపిక పట్టాలి. పోయినవాటిలో మీ ఫోటోలు కూడా ఉన్నాయి మరి.

స్క్రిప్టు అంటే పెద్ద విషయమేమీ కాదు. కంప్యూటరు వరసగా చేయవలసిన పనులను మామూలు అక్షరాలతో వ్రాసి పెట్టుకున్న చిట్టా. నాది పైథాన్ భాషలో వ్రాసింది. ఇలాంటి స్క్రిప్టు ప్రతి పనీ తానే చేయనక్కరలేదు. ఫోటో వెడల్పు తగ్గించడానికి, రంగు తీసేసి నలుపు-తెలుపు చేయడానికి ఇమేజ్‌మ్యాజిక్ అనే పేరుతో ఉచితంగా దొరికే ప్యాకేజీలో కన్వర్ట్ అనే కమాండు ఉంది. ఏళ్ళ తరబడి ఎందరో సానబెట్టిన పనిముట్టు అది. అది ఉండగా నేను మళ్ళీ ఫోటో గణితం వ్రాసుకోవడం దేనికి? పెళ్ళికి వంటవాణ్ణి పిలుచుకున్నట్టు దాన్ని పిలిచి పని పురమాయించవచ్చు. స్క్రిప్టులోంచి బయటి కమాండును నడపడమంటే ఇంతే. పిలవడం ఒక్క వాక్యం. వచ్చిన చిక్కల్లా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ముందుగా ఆ వాక్యం వెనక ఏం జరుగుతుందో చెబుతాను. యూనిక్సులోనూ, దాని బాణీలో పుట్టిన లినక్సులోనూ ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును నడపాలంటే మూడు అంగలు వేయాలి. మొదటిది ఫోర్క్. నడుస్తున్న ప్రోగ్రాము అచ్చం తనలాంటి దాన్నే ఇంకొకదాన్ని సృష్టిస్తుంది. అదే జ్ఞాపకం, అవే తెరిచి ఉన్న ఫైళ్ళు. ఇద్దరూ ఒకే వాక్యం దగ్గర నిలబడి కళ్ళు తెరుస్తారు. నేను తల్లినా, పిల్లనా అని తేల్చుకోవడానికి ఒక్కటే గుర్తు: ఫోర్క్ ఇచ్చే జవాబు పిల్లకు సున్నా, తల్లికి పిల్ల నంబరు.

రెండోది ఎగ్జెక్. దీన్ని మన కథల్లోని పరకాయప్రవేశంతో పోల్చవచ్చు. పిల్ల శరీరం అలాగే ఉంటుంది, నంబరు కూడా మారదు. లోపలి జీవుడు మాత్రం వెళ్ళిపోయి, కొత్త ప్రోగ్రాము వచ్చి కూర్చుంటుంది. ఎగ్జెక్ సవ్యంగా జరిగితే ఇక వెనక్కి తిరిగి వచ్చే ప్రశ్నే లేదు. రావడానికి పాతవాడు ఉంటే గదా!

మూడోది వెయిట్. తల్లి వాకిట్లో కూర్చుని ఎదురుచూస్తుంది. పిల్ల పని ముగించి పోతూ పోతూ ఒక అంకె వదిలి వెళుతుంది. ఆ అంకెను తల్లి అడిగి తీసుకోవాలి. తీసుకోకపోతే చచ్చిన పిల్ల పేరు వ్యవస్థ జాబితాలో అలాగే వ్రేలాడుతూ ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని జాంబీ అన్నారు. మనవాళ్ళయితే కర్మకాండ జరగని ప్రేతం అనేవారు కాబోలు.

యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, పి.డి.పి.-7 అనే చిన్న యంత్రం మీద పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాని ప్రధాన కర్తలు. ఆ యంత్రం మీద ఫోర్క్‌కు పట్టినది అసెంబ్లీ భాషలో సరిగ్గా 27 పంక్తులేనని రిచీ తరవాత వ్రాశాడు. ఆయనే చెప్పిన ఇంకో ముచ్చట ఉంది. ఫోర్క్ పెట్టిన తరవాత, ఒక డైరెక్టరీలోంచి ఇంకో డైరెక్టరీలోకి మారే కమాండు ఉన్నట్టుండి పనిచేయడం మానేసిందట. అందరూ కోడు ముందేసుకుని తల పట్టుకున్నారు. చివరికి తేలిందేమంటే, కమాండు శుభ్రంగానే పనిచేస్తోంది! కాకపోతే కొత్తగా పుట్టిన పిల్ల తాను డైరెక్టరీ మారి, ఆ వెంటనే చచ్చిపోతోంది. తల్లి ఉన్నచోటే ఉంది. తమ్ముణ్ణి బజారుకు పంపితే మనం బజారుకు వెళ్ళినట్టు కాదు గదా. సృష్టికర్తలకే తప్పని ఈ పొరపాటు మా ల్యాబులో ఏటా జూనియర్లు చేస్తూనే ఉంటారు. స్క్రిప్టులోంచి "సీడీ" కమాండును నడిపి, "అన్నా, డైరెక్టరీ మారటంలేదే!" అంటూ వస్తారు. పిల్ల చేసుకున్న మార్పులు పిల్లతోనే పోతాయి.

ఇక నా నిర్వాకం. క్యాంపు ఫోటోలు మొత్తం 243 పోగుచేశాను. వాటిలో 31 ఒక మిత్రుడి కెమెరాలోంచి నేరుగా ఎక్కించినవి. ఆ మహానుభావుడికి మనుషులకంటె ప్రకృతి మీద మక్కువ. మిగిలిన 212 అందరూ గ్రూపులో పెట్టిన వాట్సాప్ ఫోటోలు. వాటిని ల్యాబులో కంప్యూటరు మీదికి దింపుకున్నాను. మన లోపలి పేజీలు నలుపు-తెలుపు కనుక, ఫోటోలన్నీ ఒకే వెడల్పులో, రంగు లేకుండా ఇస్తే బాగుంటుందని డి.టి.పి. చేసే ఆయన అడిగాడు. డిస్కులో మాకిచ్చిన చోటు తక్కువ. అంచేత స్క్రిప్టు ఇలా వ్రాశాను: ఒక్కొక్క ఫోటోను కన్వర్ట్‌కు అప్పగించు, చిన్నది తయారుచేయించు, అసలుది తుడిచెయ్యి, తరవాతి ఫోటో అందుకో. మొదట కెమెరా ఫోటోలు నాలుగింటి మీద నడిపి చూశాను. బ్రహ్మాండంగా ఉంది. మిగిలినదంతా రాత్రికి నడవమని చెప్పి, తెర మీద అడ్డమైన సందేశాలూ రాకుండా వాటన్నిటినీ డెవ్‌నల్ అనే చెత్తబుట్టలోకి మళ్ళించి, హాస్టలుకు పోయి పడుకున్నాను.

పొద్దున చూస్తే చిన్న ఫోటోలు 31 ఉన్నాయి. పెద్దవి ఒక్కటీ లేదు.

కారణం చాలా అల్పమైనది. కంప్యూటరు మీదికి దింపుకున్న వాట్సాప్ ఫోటో పేరు ఎప్పుడైనా గమనించారా? వాట్సాప్, ఇమేజ్, తేదీ, ఎట్, గంటలు, ఏ.ఎం. లేక పి.ఎం. – మధ్యమధ్య ఖాళీలతో ఇంత పొడుగు పేరు. నేను వాడినది పైథాన్‌లోని ఓఎస్ డాట్ సిస్టమ్ అనే పద్ధతి. అది మనం ఇచ్చిన మాటలను నేరుగా కన్వర్ట్‌కు ఇవ్వదు. షెల్ అనే మధ్యవర్తి చేతికి చీటీ వ్రాసి ఇచ్చినట్టు ఇస్తుంది. షెల్ ఆ చీటీ చదివి, ఖాళీ కనపడ్డచోటల్లా ఒక మాట ముగిసిందని లెక్కవేసి, మాటలను విడదీసి కమాండుకు అందిస్తుంది. హాజరు పట్టీలో "వెంకట సత్య సూర్య నారాయణ మూర్తి" అని ఉంటే, కొత్తగా వచ్చిన ఉత్తరాది మేష్టారు అయిదుగురు కుర్రాళ్ళనుకుని అయిదుసార్లు పిలిచినట్టు. పాపం కన్వర్ట్, వాట్సాప్ అనే ఫైలు కోసం వెతికింది, లేదు. ఇమేజ్ అనే ఫైలు కోసం వెతికింది, అదీ లేదు. ఎట్ అనే ఫైలు కోసం కూడా వెతికింది. నా వల్ల కాదని మొత్తుకుని, ఒకటి అనే అంకె వదిలి పోయింది.

అయితే అసలుది తుడవడానికి మాత్రం నేను బయటి కమాండును పిలవలేదు. పైథాన్ సొంత పద్ధతినే వాడాను. దానికి మధ్యలో షెల్ లేదు, ఖాళీలతో పేచీ లేదు. పేరు ఎంత పొడుగున్నా ఒకే పేరుగా తీసుకుని చక్కగా తుడిచేసింది. చేయవలసిన పని పాడైంది, చెరపవలసిన పని మాత్రం దివ్యంగా జరిగింది. రెంటిలో ఏది పాడైనా రెండోది ఆగాలి అన్న ముక్క నేను ఎక్కడా వ్రాయలేదు. ఆ రాత్రి కన్వర్ట్ 212 సార్లు మొత్తుకుంది. నేను ముందే దాని నోటికి గుడ్డ కట్టి పోయాను.

పిల్ల వదిలిపోయే అంకె గూర్చి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. సున్నా వస్తే పని అయినట్టు, ఇంకేది వచ్చినా కానట్టు. మార్కుల లెక్కకు అలవాటుపడ్డ మనకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది కాని, ఆలోచిస్తే సబబే. నెగ్గడం ఒక్క విధం. ఓడిపోవడానికి బోలెడు విధాలు. షెల్ ద్వారా పిలిచినప్పుడు 127 వస్తే ఆ పేరుగల కమాండే దొరకలేదని అర్థం. 126 అయితే దొరికింది కాని నడపడానికి వీల్లేదు. 128 దాటిన అంకె సాధారణంగా ఎవరో సిగ్నల్ పంపి మధ్యలో చంపారని చెబుతుంది: 137 అంటే 128కి 9 కలిపినది, తొమ్మిదో నంబరు సిగ్నల్, తిరుగులేని చావు. కొన్ని కమాండ్లకు సొంత ఆచారాలున్నాయి. గ్రెప్ అనే వెతుకులాట కమాండు, మాట దొరక్కపోతే ఒకటి ఇస్తుంది. అది లోపం కాదు, జవాబు. కనుక కొత్త కమాండును పిలిచేముందు దాని మాన్యువల్‌లో ఈ ఒక్క పేరా అయినా చదవడం మంచిది.

ఆ ఉదయం కంగారులో నేను ఇంకో తప్పు చేశాను. ఇకనుంచి కన్వర్ట్ విఫలమైతే నా స్క్రిప్టు కూడా విఫలమైనట్టు చెప్పాలని, ఓఎస్ డాట్ సిస్టమ్ ఇచ్చిన అంకెను యథాతథంగా నా స్క్రిప్టు చివరి అంకెగా బయటికి పంపాను. కావాలని ఒక లేని ఫైలు ఇచ్చి చూస్తే సున్నా వచ్చింది, అనగా సర్వం క్షేమం! గంటసేపు బుర్ర బద్దలుకొట్టుకున్నాక తెలిసింది. యూనిక్సు జాతి యంత్రాల మీద ఆ పద్ధతి పిల్ల అంకెను ఉన్నదున్నట్టు ఇవ్వదు. ఎనిమిది బిట్లు ఎడమకు జరిపి ఇస్తుంది. అంటే ఒకటి కాస్తా 256 అవుతుంది. బయటికి పంపే అంకెలో నిలిచేవి కింది ఎనిమిది బిట్లే, అంటే 255 దాకానే. 256లో కింది ఎనిమిది బిట్లూ సున్నాలు. ఓటమి తిరిగి తిరిగి విజయమై కూర్చుంది.

నాబోటి విద్యార్థులకే కాదు, పెద్దలకూ ఇది తప్పలేదు. 2015 జనవరిలో, కంప్యూటరు ఆటలు అందించే స్టీమ్ అనే ప్రోగ్రాము లినక్సు రూపంలో ఇటువంటిదే బయటపడింది. దాన్ని మొదలుపెట్టే స్క్రిప్టు, తాను ఉన్న డైరెక్టరీ ఏదో కనుక్కుని ఒక చరరాశిలో దాచుకుంటుంది. తరవాత ఒకచోట ఆ డైరెక్టరీలో ఉన్నదంతా తుడవమని ఆర్ఎం కమాండుకు చెబుతుంది. ఆ కనుక్కోవడం కొన్ని పరిస్థితుల్లో విఫలమై చరరాశి ఖాళీగా మిగిలింది. ఖాళీ పక్కన ఒక గీటు, దాని పక్కన చుక్క గుర్తు – అంటే డిస్కు మూలం నుంచి సమస్తం. కొందరి సొంత ఫైళ్ళు, తగిలించి ఉన్న వేరే డిస్కుల్లోనివి కూడా తుడిచిపెట్టుకుపోయాయి. ఆ పంక్తికి పైనే కోడు వ్రాసినవారు "భయంగా ఉంది" అన్న అర్థం వచ్చే మాట ఒకటి వ్రాసుకున్నారు. భయపడ్డారు, వ్రాసుకున్నారు, సరిచూడలేదు! నాకైతే ఆ భయం కూడా కలగలేదు.

షెల్ అనే మధ్యవర్తితో ఇంకో ప్రమాదం ఉంది. దానికి ఖాళీలే కాదు, సెమీకోలన్, డాలరు గుర్తు, నిలువు గీత – ఇలా చాలావాటికి ప్రత్యేకార్థాలున్నాయి. సెమీకోలన్ అంటే ఒక కమాండు ముగిసి ఇంకోటి మొదలు. ఎవరైనా తుంటరి తన ఫోటో పేరులో సెమీకోలన్ పెట్టి, దాని తరవాత తుడిచేసే కమాండు వ్రాసి పంపితే, నా పాత స్క్రిప్టు ఆ పేరును చీటీలో అతికించి షెల్‌కు ఇచ్చేది. షెల్ మారుమాట్లాడకుండా నడిపేది. ఇతరులు పంపిన మాటను షెల్ చీటీలో అతికించడమంటే సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వడమే. 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ అనే పేరుతో ప్రపంచమంతా గగ్గోలు పుట్టించిన లోపం కూడా షెల్‌కు సంబంధించినదే. అయితే అక్కడ తప్పు చీటీ వ్రాసినవాడిది కాదు, చదివే షెల్‌ది. బాష్ అనే షెల్‌లో అది 1989 నుంచి నిద్రపోతూ ఉంది. తమ ప్రోగ్రాము లోలోపల ఎక్కడో షెల్‌ను పిలుస్తోందన్న సంగతే చాలామందికి తెలియకపోవడం వల్ల దాని కోరలు మరీ పొడుగయ్యాయి.

మరి ఎలా పిలవాలి? పైథాన్‌లో సబ్‌ప్రాసెస్ అనే విభాగం 2004లో వచ్చింది. దానిలో రన్ అనే సులువైన పద్ధతిని 2015లో చేర్చారు. దానికి కమాండునూ, దాని మాటలనూ ఒకే చీటీగా కాక విడివిడిగా ఒక జాబితాలో ఇస్తే మధ్యలో షెల్ రాదు. ఖాళీలున్న పేరు ఒకే మాటగా, ఉన్నదున్నట్టుగా కన్వర్ట్‌కు చేరుతుంది. సెమీకోలన్ కేవలం సెమీకోలన్‌గా మిగులుతుంది. చెక్ అనే చోట ట్రూ అని వ్రాస్తే, సున్నా కాని అంకె రాగానే స్క్రిప్టు అక్కడికక్కడే ఆగి కేక పెడుతుంది. టైమవుట్ అనే చోట ఇన్ని సెకన్లని వ్రాస్తే, అంతకు మించి నానిస్తున్న పిల్లను చంపేసి మనకు కబురు చెబుతుంది. పేరే అడ్డగీతతో మొదలైతే కమాండు దాన్ని ఐచ్ఛికమనుకుని తికమకపడుతుంది. పేరుకు ముందు చుక్క, ఏటవాలు గీత పెడితే ఆ పేచీ తీరుతుంది.

పిల్ల మాటలను వినదలచుకున్నవారు ఒక చిక్కు తెలుసుకోవాలి. పిల్ల చెప్పేది తల్లికి పైపు అనే గొట్టంలోంచి వస్తుంది. ఈ పైపులు యూనిక్సులోకి 1973లో వచ్చాయి, ఆలోచన డగ్ మెకిల్‌రాయ్‌ది. లినక్సులో మామూలుగా ఆ గొట్టంలో పట్టేది 65,536 బైట్లు. పిల్ల అంతకన్న ఎక్కువ మాట్లాడితే, ఎవరో ఖాళీ చేసేదాకా ఆగుతుంది. తల్లి చదవకుండా, ముందు పిల్ల పని ముగించనీ అని కూర్చుంటే, గుమ్మం దగ్గర "మీరు ముందు", "కాదు, మీరే ముందు" అనుకునే ఇద్దరు మర్యాదస్తుల్లాగా ఇద్దరూ తెల్లవార్లూ నిలబడి ఉంటారు. నేను చెప్పిన రన్ ఈ పేచీ రాకుండా తానే చదువుతూ ఉంటుంది. ఈ విషయం తెలియక మా సీనియరు ఒకాయన ప్రాజెక్టు సగం సెమిస్టరు వెనకబడింది.

రాత్రిపూట క్రాన్ ద్వారా నడిపేవారికి ఒక మాట. క్రాన్ మన లాగిన్‌లో ఉండే దారుల జాబితా అంతా ఇవ్వదు, చాలా కురచగా ఇస్తుంది. పగలు మీ చేతుల మీదుగా నడిచిన స్క్రిప్టు రాత్రి 127తో పడిపోతే కారణం తొంభైపాళ్ళు అదే. కమాండు పూర్తి చిరునామా వ్రాయండి.

ఇంతా చేసి నేను గట్టిగా పట్టుకున్న జాగ్రత్త మాత్రం కంప్యూటరు శాస్త్రంలోది కాదు. నా కొత్త స్క్రిప్టు దేన్నీ తుడవదు. చిన్న ఫోటో తయారైందా, దాని సైజు సున్నా కాదు గదా అని చూసి, అసలుదాన్ని ఇంకో డైరెక్టరీలోకి జరుపుతుంది. తుడవడం నెల పోయాక నా చేత్తో. ఈ ఏడు 304 ఫోటోలు ఇచ్చారు. 118వ దాని దగ్గర స్క్రిప్టు ఆగి కేకపెట్టింది. చూస్తే ఎవరో ఫోటోకు బదులు పాట పంపారు.

పోయిన 212 ఏమయ్యాయని మీరు అడుగుతారు. ఎలాగూ ల్యాబులో ఉన్నాయి గదా అని నా ఫోనులోవి అప్పటికే తుడిచేశాను. పంపినవాళ్ళలో కొందరు ఫోన్లు మార్చారు, కొందరు చోటు చాలక తీసేశారు. నెల రోజులు హాస్టలు గదులన్నీ తిరిగి బతిమాలితే 38 దొరికాయి. ఈ సంచిక మధ్య పేజీల్లో ఉన్నవి అవే. ఫోటోలు పోయాయన్నప్పుడు కార్యదర్శి నన్నేమీ తిట్టలేదు. "మనవి పోతే పోయాయి. మామ్మగారికి ఏం చెప్తావు?" అన్నాడు.

క్యాంపుకు వచ్చినవాళ్ళకు మామ్మగారిని గుర్తుచేయనక్కరలేదు. ఏడు రోజులూ తన వసారాలో మనకు అన్నాలు పెట్టిన మనిషి. వచ్చే రోజున మొక్క పక్కన నిలబడి ఫోటో దిగి, "నాకూ ఒకటి పంపండి బాబూ, మర్చిపోకండి" అని లారీ కదిలేదాకా చెబుతూనే ఉంది. దొరికిన 38లో ముందు నేను వెతికింది ఆవిడ కోసమే. లేదు. ఆఖరికి కార్తీకమాసంలో, బి.యస్సీ. అమ్మాయి ఒకామె తన అక్క ఫోనులో ఉందని తెచ్చి ఇచ్చింది. పేరు నిండా ఖాళీలే. పెద్దసైజులో రంగుల్లో అచ్చు వేయించి, ఆ ఆదివారమే ముగ్గురం బస్సెక్కి వెళ్ళి ఇచ్చి వచ్చాం.

మామ్మగారు ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, "కళ్ళజోడు తీసెయ్యమని ఒక్కరైనా చెప్పలేదేమర్రా!" అని విసుక్కుంది. మొక్క ఆవిడ భుజం దాటి పెరిగింది.